బాంబుకు వేన్నీళ్ల స్నానం

మొన్నామధ్య మా చెల్లెలి మనవరాలు తను పనిచేసే ల్యాబు చూపిస్తానని నన్ను వెంటబెట్టుకుపోయింది. అక్కడ బొగ్గులో వేడి ఎంతుందో కొలిచే యంత్రం ఒకటి మా ఇంట్లో కుక్కరు కంటే కాస్త పెద్దగా, తెల్లగా మెరుస్తూ బల్లమీద కూర్చుంది. పిల్లలు దాంట్లో బొగ్గు బిళ్ల పెట్టి, మూత వేసి, ఒక మీట నొక్కి టీ తాగడానికి పోయారు. తిరిగి వచ్చేసరికి జవాబు కాగితం మీద అచ్చయి ఉంది. "మరి చలికాలంలో ఎట్లా చేస్తారు?" అని అడిగాను. "చలికాలమైతే ఏముంది అమ్మమ్మా, అదే చూసుకుంటుంది" అంది. నాకు నవ్వు ఆగలేదు. ఎందుకు నవ్వుతున్నావని పిల్లలంతా చుట్టూ మూగారు. వాళ్లకు చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి కొన్నేళ్లయిన రోజులవి. మాది కరీంనగర్ పక్క చిన్న ఊళ్లో నేత కుటుంబం. బాపు పొద్దంతా మగ్గం ముందర కూర్చునే మనిషి అయినా, నన్ను హైదరాబాదు పంపి బీఎస్సీ చదివించాడు. ఆదిలాబాద్ జిల్లాలో ఒక బొగ్గు గనుల ఊళ్లో నాకు ల్యాబు ఉద్యోగం దొరికింది. ఊరి పేరూ మనుషుల పేర్లూ చెప్పను. అందరూ మంచివాళ్లే, కానీ కథలో కొంచెం నవ్వులపాలవుతారు. నేను బాంబుతో పని చేస్తున్నానని తెలిసి మా అవ్వ మొదట అన్నం మానేసినంత పని చేసింది. సెలవుకు ఇంటికి పోయినప్పుడు ఆమె ముందర చెంబూ గిన్నే పెట్టుకుని వివరించాల్సి వచ్చింది.

అవ్వకు చెప్పినట్టే చెబుతాను. మా బాంబు అంటే మందపాటి ఉక్కు చెంబు, అంతే. బొగ్గును మెత్తగా నూరి, బిళ్లగా అదిమి, తూచి అందులో పెడతాం. బిళ్లకు సన్నని తీగ తగిలిస్తాం. మూత బిగించి లోపలికి ఆక్సిజన్ బాగా ఎక్కిస్తాం. ఆ చెంబును నీళ్ల గిన్నెలో ముంచి తీగకు కరెంటు ఇస్తే బిళ్ల రెప్పపాటులో కాలిపోతుంది. చప్పుడూ ఉండదు, వెలుగూ కనపడదు. చుట్టూ ఉన్న నీళ్లు మాత్రం కాస్త వేడెక్కుతాయి. నీళ్లు ఎంత వేడెక్కాయో చూస్తే బొగ్గులో ఎంత వేడి ఉందో లెక్క తేలుతుంది. అంతా విని మా అవ్వ, "నీళ్లు కాగబెట్టుడేనా? దీనికి బీఎస్సీ ఎందుకు బిడ్డా?" అంది. నా పని గురించి అంత సరిగ్గా చెప్పినవాళ్లు ఆ తర్వాత ఇంకొకరు దొరకలేదు.

మా ల్యాబు పెద్ద సారు నిజాం కాలంలో ఉర్దూలో సైన్సు చదువుకున్న హైదరాబాదీ. ఎంత ఎండలోనైనా షేర్వానీ గుండీలు మెడదాకా పెట్టుకునేవారు. వేడిని 'హరారత్' అనేవారు, మాకూ అదే నోటికి ఎక్కింది. కోపం ఎరగని మనిషి, ఒక్క థర్మామీటరు విషయంలో తప్ప. మూరెడు పొడవుండే ఆ థర్మామీటరు కొన్ని డిగ్రీల మేరే చూపిస్తుంది కానీ వెంట్రుకవాసి తేడా కూడా పట్టేస్తుంది. ఎండాకాలానికి ఒక తీరుగా, చలికాలానికి ఒక తీరుగా దాని పాదరసాన్ని సర్దుకోవాలి. అలా సర్దబోయి పాత థర్మామీటరును ఎవరో విరగ్గొట్టారట. కొత్తది ఓడెక్కి వచ్చేదాకా ల్యాబు నోట్లో వేలు పెట్టుకుని కూర్చుందట. అప్పటినుంచి సారు దాన్ని ఎవరినీ ముట్టనివ్వలేదు. మే నెలలో ఎలా సర్దారో ఏడాది పొడుగునా అలాగే ఉండేది.

మే నెలలో సర్దిన థర్మామీటరు డిసెంబరు నీళ్లను చూపించదు. అక్కడి చలి మీకు తెలియకపోతే చెబుతున్నాను, పొద్దున పూట నల్లా కింద చెయ్యి పెడితే వేళ్లు మనవి కాకుండా పోతాయి. ఆ నీళ్లు గిన్నెలో పోస్తే పాదరసం అడుక్కి దిగిపోయి అంకెల్లో కనపడేది కాదు. ఇక్కడ మా కాకా రంగంలోకి వచ్చేవాడు. కాకా అంటే మా ల్యాబు చప్రాసి. మరాఠీ గాలి తగిలే సరిహద్దు ఊరివాడు, యంత్రాలను కూడా ఇంటి పిల్లల్లా చూసుకునేవాడు. బొగ్గు ఊళ్లో ప్రతి ఇంటి ముందరా పొద్దున్నే కుంపటి మండుతుంది, దాని మీద స్నానానికి నీళ్లు కాగుతాయి. కాకా వరండాలో కుంపటి పెట్టి బాంబుకు కూడా నీళ్లు కాచేవాడు. బాలింత బిడ్డకు నీళ్లు పోసేటప్పుడు చూసినట్టు మోచెయ్యి ముంచి, కాస్త చన్నీళ్లు కలిపి, తృప్తి కలిగాక తెచ్చేవాడు.

"మనం చన్నీళ్లు పోసుకుంటమా? గిది మాత్రం ఎందుకు పోసుకోవాలె?" అనేది కాకా న్యాయం.

గోరువెచ్చని నీళ్లు పోయగానే పాదరసం బుద్ధిగా అంకెల్లోకి వచ్చి నిలబడేది. సారు షాబాష్ అనేవారు. థర్మామీటరును ముట్టే పని తప్పింది, అందరికీ సుఖం. మేము దానికి బాంబు స్నానం అని పేరు పెట్టుకున్నాం. రోజూ పొద్దున్నే మా మొదటి మాట, స్నానమయిందా అని.

ఇంకొక్క సంగతి చెప్పాలి. మా యంత్రం ఏదో పెద్ద ల్యాబు వదిలించుకున్న పాతది. నీళ్ల గిన్నె చుట్టూ కొయ్య పీపా, దాని లోపల ఉన్ని గుడ్డ, అంతకుమించి కాపుదల లేదు. అందుకని పరీక్ష జరుగుతుండగా గదిలోని వేడి కొంత నీళ్లలోకి చేరుతుంది. అది బొగ్గు ఇచ్చిన వేడి కాదు కనుక లెక్కలోంచి తీసేయాలి. ఎంత తీయాలో సారు ఒక మే నెలలో, గది పొయ్యిలా ఉన్న రోజుల్లో కష్టపడి తేల్చి, ఆ అంకెను గోడమీద ఎర్ర పెయింటుతో రాయించారు. ఏ పరీక్ష చేసినా చివర గోడవైపు చూసి ఆ అంకె తీసేయడం మా ఆచారం. మీలో కొందరికి ఇప్పటికే నవ్వు వస్తుండవచ్చు. మాకు రావడానికి మాత్రం ఏళ్లు పట్టింది.

ఒక సంవత్సరం ఊరి పడమట కొత్తగా ఒక బాయి తవ్వారు. అక్కడ గనిని బాయి అంటారు. ఆ బొగ్గు కొంటామని ఒక పెద్ద కార్ఖానా ముందుకొచ్చింది కానీ, బొగ్గులో ఫలానా గీత దాటి వేడి ఉంటేనే తీసుకుంటామంది. ఎండలు పోయి చలి ముదిరాక మా దగ్గరికి నమూనాలు రావడం మొదలైంది. ప్రతిసారీ గీతకు కొంచెం కిందే తేలేది. దగ్గరిదాకా వచ్చి ఆగిపోయేది. కొనేవాళ్లు లేకపోతే బాయి నడవదు. మూసేసి, అందులో పనిచేసేవాళ్లను గోదావరి అవతలి గనులకు పంపుతామని కంపెనీ చెప్పేసింది.

ఆ బాయిలో పని చేయించే సర్దార్ ఒకాయన ఉండేవాడు. జమ్మికుంటలో పత్తి బేళ్లు మోసి, అది మానుకుని బొగ్గులోకి వచ్చిన మనిషి. ప్రతి నమూనా వెంట తనూ వచ్చి, ల్యాబు మెట్ల మీద తలగుడ్డ తీసి పెట్టుకుని కూర్చునేవాడు. "మా బొగ్గు పాసయిందా అమ్మా?" అని అడిగేవాడు, బడి ముందర నిలబడ్డ తండ్రి అడిగినట్టు. లేదని చెప్పడానికి నాకు ప్రాణం ఒప్పేది కాదు. ఒకరోజు ఊరికే పలకరించబోతే ఉన్నదంతా చెప్పుకున్నాడు.

"ఏండ్ల సంది ఈడ ఒంటిగనే వండుకొని తిన్న. మొన్ననే పెండ్లాం పిల్లలను దెచ్చుకున్న. పొల్లను బడిల ఏసిన. పొద్దుమీకి ఇంటికి వొయ్యేసరికి పలక వట్టుకొని ఎదురొస్తది. మళ్ల ఆళ్లను ఊరికి తోలి నేనొక్కన్ని అవతలికి పోవుడంటే నాతోని గాదమ్మా."

ఆ మాట తర్వాత నాకు ఆ బొగ్గు వట్టి బొగ్గు కాకుండా పోయింది. నూరేటప్పుడు కూడా, నా తల్లి, ఈసారైనా దాటు అని లోపల అనుకునేదాన్ని. బొగ్గు వినిపించుకోలేదు.

చివరికి కార్ఖానావాళ్లు, మా మనిషిని పంపుతాం, అతని కళ్లముందు పరీక్ష చేయండి, అదే ఆఖరు అన్నారు. వాళ్ల ల్యాబు కట్టడం అప్పటికింకా గోడల దగ్గరే ఉంది, అందుకని మా యంత్రమే గతి. ఆ పెద్దమనిషి వచ్చిన రోజు మబ్బు పట్టి, సన్నని జల్లుతో ఈదురుగాలి కొడుతోంది. ఆయనది బెజవాడ. జీవితంలో చలి అంటే పండగ ముందర పది రోజులు కప్పుకునే దుప్పటి అనుకున్న మనిషి. పల్చని చొక్కా, దానిమీద కోటు, చెవుల చుట్టూ తువ్వాలు. దిగీదిగగానే, ఈ ఊళ్లో మనుషులు ఎలా బతుకుతున్నారండీ అని అడిగారు. బాయి మెట్ల మీద కూర్చున్నట్టే సర్దార్ మా మెట్ల మీద కూర్చుని ఆయన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

మొదటి పరీక్ష నేనే చేశాను. కాకా నీళ్లు కాచి తెచ్చాడు. బాంబు స్నానం చేసింది. బెజవాడాయన ఒక్కొక్క అడుగూ గమనించారు, పళ్లు టకటకలాడుతున్నా కన్ను మాత్రం తిప్పలేదు. లెక్క కట్టి, గోడమీది అంకె తీసేశాను. ఎప్పటిలాగే గీతకు కింద. సారు తల వంచుకున్నారు. ఇంకోసారి చేసి రెండూ కలిస్తే సంతకం పెట్టేస్తానని ఆయన కలం తీశారు. తీసిన కలం వేళ్లలో నిలవలేదు.

"వేళ్లు కొంకర్లు పోయాయండీ. ఇలా అయితే సంతకం కూడా నాది కాదంటారు. ముందు గదిలోకి కాస్త కుంపటి తెప్పించండి" అన్నారు.

సారు ఇరకాటంలో పడ్డారు. ఆక్సిజన్ సిలిండరు ఉన్న గదిలోకి నిప్పు రాకూడదన్నది ఆయన పెట్టిన చట్టం. అతిథి అడిగింది కాదనకూడదన్నది ఆయన తండ్రి పెట్టిన చట్టం. కాసేపు గడ్డం నిమురుకుని, రెండు చట్టాలూ బతికేలా తీర్పు చెప్పారు. సిలిండరును అవతలి గదిలోకి మోయించి, బాంబులో ఆక్సిజన్ అక్కడే నింపుకురమ్మన్నారు. కాకా బయటికి పోయి, పొగంతా పోయేదాకా బొగ్గు మండించి, ఎర్రగా కణకణలాడే పెద్ద కుంపటి తెచ్చి గది మూల పెట్టాడు. పై కిటికీ ఒకటి తెరిచి ఉంచాం. బెజవాడాయన కుర్చీ లాక్కుని దానికి దాదాపు అల్లుడైపోయారు.

రెండో పరీక్ష చేశాను. బొగ్గు గీత దాటింది.

కానీ సంతోషించే వీలు లేకపోయింది. రెండు జవాబులకూ మధ్య అంత తేడా ఉండకూడదు. మూడోసారి చేశాం. గది ఇంకా వెచ్చబడింది, బొగ్గు ఇంకా పైకి పోయింది. బెజవాడాయన ముఖంలో నవ్వు తగ్గింది.

"ఒకే బొగ్గండీ. గంట గంటకూ ముదరడానికి ఇదేమన్నా మామిడికాయా? ఏం జరుగుతోందో చెప్పండి. లేకపోతే తర్వాతి రెండూ కొట్టేసి, మొదటిదే రాసుకుపోతాను" అన్నారు.

ఆయన మమ్మల్ని అనుమానించారని సారు ముఖం పాలిపోయింది. తలుపు సందులోంచి సర్దార్ తలగుడ్డ కనపడుతోంది. అప్పుడు నాకొకటి గుర్తొచ్చింది. పొద్దున మొదటి పరీక్షకు ముందు, కరెంటు ఇవ్వకముందే పాదరసం మెల్లగా కిందికి జారుతూ ఉండింది. చలికాలంలో ఎప్పుడూ అలాగే జారేది, అది దాని స్వభావం అనుకునేవాళ్లం. మూడో పరీక్షకు ముందు మాత్రం అది పూజలో కూర్చున్నట్టు కదలకుండా ఉంది. నేను గోడమీది ఎర్ర అంకెను చూశాను. కుంపటిని చూశాను. మళ్లీ అంకెను చూశాను.

"సార్, మే నెలల గది వేడి నీళ్లల్లకు వస్తది. గందుకే తీసేస్తున్నం" అన్నాను. "మరి గిప్పుడు నీళ్లు వెచ్చగ ఉన్నయి, గది సల్లగ ఉన్నది. నీళ్ల వేడే బయటికి పోతున్నది. కలుపవలసిన కాడ మనం తీస్తున్నం."

సారు నెమ్మదిగా థర్మామీటరు దగ్గరికి వెళ్లి నిలబడ్డారు. చలికాలం బొగ్గును మేము రెండుసార్లు దోచుకుంటున్నాం. ఒకసారి కాకా కాచిన వేన్నీళ్లు చల్లటి గదికి ధారపోస్తున్నాయి, మిగిలినదాంట్లోంచి గోడమీది అంకె ఇంకొంత కోసుకుంటోంది.

బెజవాడాయన తెలివైన మనిషి, వెంటనే పట్టుకున్నారు. అయినా మాట మీద నమ్మనన్నారు, అదీ న్యాయమే. రుజువు మా బీరువాలోనే ఉంది. బెంజోయిక్ ఆమ్లం బిళ్లలు. వాటిని కాలిస్తే ఎంత వేడి వస్తుందో ప్రపంచమంతటికీ ముందే తెలుసు, అందుకే యంత్రం నిజం చెబుతోందా లేదా అని వాటితోనే పరీక్షిస్తారు. విదేశం నుంచి వచ్చే సరుకు కావడంతో సారు వాటిని కుంకుమపువ్వులా దాచేవారు. యంత్రం కొత్తగా పెట్టినప్పుడు ఎండాకాలంలో వాడినవే, మళ్లీ బయటికి తీయలేదు. ఆ రోజు తన చేత్తోనే తాళం తీశారు.

వెచ్చని గదిలో ఒక బిళ్ల కాల్చి, గోడమీది అంకె జోలికి పోకుండా లెక్కగట్టాం. రావలసిన వేడి రావలసినట్టు వచ్చింది. ఇక చలిలో ఒకటి కాల్చాలి. అంటే కుంపటి బయటికి పోవాలి, తలుపులు బార్లా తెరవాలి. అందరం బెజవాడాయన వైపు చూశాం. ఆయన తువ్వాలు చెవులకు గట్టిగా బిగించుకుని, సైన్సు కోసం ఎవరెవరో ఏవేవో త్యాగాలు చేశారు, నేను వణుకుతాను, కానివ్వండి అన్నారు. గాలి గదిని ఊడ్చేసినంత చలి చేశాక, పాత పద్ధతిలో వేన్నీళ్ల స్నానం చేయించి, గోడమీది అంకె తీసేసి చూశాం. ప్రపంచమంతటికీ తెలిసిన బిళ్ల కూడా మా ల్యాబులో ఫెయిలయింది.

ఆ జవాబు చూసి మొదట నవ్వింది సారే. షేర్వానీ గుండీ ఊడేలా నవ్వారు. నేను ఆయన నవ్వును అంతకుముందు వినలేదు. "ఇన్ని చలికాలాల హరారత్ నేను హవాకు ఖైరాత్ ఇచ్చిన, గాలికి దానం చేసిన" అని, కళ్లు తుడుచుకుని, కాకాను సున్నం తెమ్మన్నారు. ఎర్ర అంకె మీద సున్నం పూయించారు. అది తర్వాత చాలాకాలం సున్నం కిందనుంచి గులాబి రంగులో తొంగిచూస్తూనే ఉండేది. ఆ తర్వాత వారంలో ఆయనే స్వయంగా, ఊపిరి బిగబట్టి, థర్మామీటరు పాదరసాన్ని చలికాలానికి సర్దారు. అది విరగలేదు. అప్పటినుంచి పరీక్ష పరీక్షకూ పాదరసం ఎటు జారుతోందో ముందే చూసి, కలపాలో తీయాలో అప్పటికప్పుడు తేల్చుకునేవాళ్లం. కాకా మాత్రం బాంబుకు వేన్నీళ్లు మాన్పించినందుకు నాలుగు రోజులు నాతో ముభావంగా ఉన్నాడు.

మీ యంత్రాలు వాటంతట అవే చూసుకుంటాయి, మంచిదే. కానీ అవి ఏం చూసుకుంటున్నాయో మీరు ఒక్కసారి తొంగిచూడండి. మేము ఎవరమూ బద్ధకస్తులం కాము, తెలివితక్కువవాళ్లమూ కాము. ఒకరు థర్మామీటరును ప్రేమించారు, ఒకరు బాంబును ప్రేమించారు, నేను వాళ్లిద్దరినీ గౌరవించాను. ఇంత ప్రేమ మధ్య బొగ్గును పట్టించుకునేవాళ్లు లేకపోయారు.

సరే, ఆ రోజుకు వస్తాను. కుంపటి మళ్లీ లోపలికి వచ్చింది. వెచ్చని గదిలో కొత్త బాయి బొగ్గును మరి రెండుసార్లు కాల్చాం. రెండు జవాబులూ కవలల్లా కలిశాయి, రెండూ గీతకు చాలా పైన. బెజవాడాయన కలం తీసి, వేళ్లు ఆడేదాకా కుంపటి మీద కాచుకుంటూ నిప్పులవైపు మెచ్చుకోలుగా చూశారు.

"పొద్దుట్నుంచీ చూస్తున్నాను, ఇంత బాగా నిలిచి కాలుతోందే. ఎక్కడి బొగ్గండీ ఇది?" అన్నారు.

కాకా నావైపు చూసి, సారువైపు చూసి, చేతులు కట్టుకున్నాడు. "కొత్త బాయిదే సార్. మెహమాన్ వణుకుతుండంటే సర్దారే తట్టల దెచ్చి ఇచ్చిండు."

ఆయన, ఈ మాట పొద్దున్నే చెబితే బాంబు తడిసేదే కాదు కదయ్యా అన్నారు. మీరు అడుగలే సార్ అన్నాడు కాకా. ఆ నిప్పుల మీద కాచుకున్న వేళ్లతోనే ఆయన సంతకం పెట్టారు.

నేను బయటికి పరుగెత్తాను. అవును, పరుగే, చీర కుచ్చిళ్లు పట్టుకుని. సర్దార్ మెట్ల మీదనుంచి లేచి నిలబడ్డాడు. పాసయిందని చెప్పాను. నమ్మలేదు. మరి ఇన్ని దినాలు ఎందుకు పాస్ కాలేదని అడిగాడు. చలి సంగతీ వేన్నీళ్ల సంగతీ, మా అవ్వకు చెప్పినట్టే, నాలుగు మాటల్లో చెప్పాను. అతను శ్రద్ధగా విన్నాడు.

"అంటే, మేం పాతాళంల కెల్లి పైకి దెచ్చిన వేడంత మీరు చలికి పంచిపెట్టిండ్రా అమ్మా?"

అవునన్నాను. అతను నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వుతూనే మళ్లీ మెట్ల మీద కూలబడ్డాడు. నాకూ నవ్వు ఆగలేదు. కాసేపటికి తలగుడ్డ కొసతో ముఖం తుడుచుకున్నాడు, ఆ తుడుచుకున్నదంతా నవ్వు కాదని నాకు కనపడుతూనే ఉంది. లోపలికి రమ్మన్నాను, బెజవాడాయన చూడాలంటున్నారని చెప్పాను. అతను జల్లులోకి చూసి తలగుడ్డ చుట్టుకున్నాడు.

"మళ్లొస్త అమ్మా. బడి ఇడిసే యాళ్లయింది, పొల్లను తోలుకొస్త" అని గబగబా మెట్లు దిగి పోయాడు.